నిద్రపోని టెంక

మామిడి పండు తిన్నాక టెంకను కడగడం నాకు అలవాటు. నిన్న మధ్యాహ్నం కొళాయి కింద పెట్టి పీచు రుద్దుతుంటే, తీపి అంతా పోయి లోపలి జీడి వగరు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నా చేతులు ఊరికే ఉండవు. కోడలు చెత్తబుట్ట ముందుకు జరిపి, అదేమన్నా బంగారమా అత్తమ్మా అని నవ్వింది. బంగారమైతే బీరువాలో దాచి మరిచిపోయేదాన్ని. ఇది దాచుకునే వస్తువు కాదు. ఆ సంగతి నాకు సుగుణమ్మ టీచరు దగ్గర తెలిసింది. నిజానికి అప్పటికి ఆమెకూ తెలియదు. ఆమె, నేను, మా అవ్వ ముగ్గురం ఒకే రోజు నేర్చుకున్నాం.

యాభైల మొదట్లో మాట. నందికొట్కూరులో మా ఇంటి పక్క వాటాలో టీచరు ఒక్కరే ఉండేవారు. సొంతూరు బనగానపల్లె. మనిషి గాలికి పడిపోయేలా ఉన్నా గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. ఆమెకు విత్తనాల పిచ్చి. బళ్ళో మా అందరికీ నానిన వేరుశనగ గింజ తలా ఒకటి ఇచ్చి, పొట్టు తీయించి, బద్దలు విడదీయించారు. మధ్యలో చిన్న ముక్కులాగా ఒకటి అతుక్కుని ఉంటుంది. దాన్ని గోటి కొనతో చూపించి, "ఇదే బిడ్డ. ఈ రెండు బద్దలూ తల్లి కట్టిచ్చిన సద్దిమూట. ఆకులొచ్చి సొంతంగా వండుకునే దాంకా ఇదే తింటాది" అన్నారు. జేబుల నిండా పోసుకుని నమిలే గింజల్లో ఇంత సంసారం ఉందా అని నాకు మతిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో వేయించిన గింజలు పెడితే నోట్లో పెట్టుకోలేకపోయాను. మా అవ్వ వారం పాటు వీధి వీధంతా చెప్పుకుని నవ్వింది.

అవ్వ నవ్వితే నవ్వింది గానీ, విత్తనం విషయంలో ఆమెది వేళాకోళం కాదు. జొన్న, కొర్ర, అనప, కాకర, ఏదైనా సరే, గలగలమనేదాకా ఎండబెట్టి, బూడిద కలిపి, కుండలో పోసి, మూతికి పేడ మెత్తేది. వానలు మొహం చాటేసే సీమలో ఆ కుండే మాకు ధైర్యం. ఒక ఏడు కాకుంటే మరుసటి ఏడైనా ఆ గింజ మొలవాల్సిందే. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా తమ విత్తనం తెచ్చి ఆమె చేతికే ఇచ్చేవారు.

ఒక ఏడు బడి తెరిచిన కొత్తల్లో బనగానపల్లె నుంచి బస్సులో ఒక గంప వచ్చింది. టీచరు వాళ్ళమ్మ నాటిన మామిడి చెట్టు గాలివానకు కూలిపోయింది, ఇవి దాని ఆఖరి కాయలు. అమ్మ పోయి అప్పటికి చాలా కాలమైంది. కబురు అందేసరికి అన్నగారు చెట్టును కోయించి కట్టెలు చేయించేశారు, అంటు కట్టుకుందామంటే పచ్చి కొమ్మ లేదు. పండ్లు మగ్గాక టీచరు వీధిలో అందరికీ పంచారు. ఒకటే షరతు, టెంకలు వెనక్కి ఇవ్వాలి. "అమ్మ చేతి వంట ఎట్లాగూ లేదు. ఈ పండన్నా మళ్ళా ఒకతూరి తినాలని శానా ఆశగా ఉండాది అవ్వా" అన్నారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఆ మాట మెల్లగా అన్నారు. ఆ ఏడు వాన ఆలస్యమైంది. వాన పడేదాకా తన కుండలో పదిలంగా ఉంటాయని అవ్వ టెంకలన్నీ ఒళ్ళో పోసుకుంది.

తక్కిన గింజలకు చేసినట్టే చేసింది. మొదట ఏరింది. ఒక టెంక మీద రోకలి పడి పగిలి ఉంటే, పగిలింది విత్తనానికి పనికిరాదని స్నానాల నీళ్ళు పారే జలదారి వైపు విసిరేసింది. మిగిలినవాటిని మిట్టమధ్యాహ్నపు ఎండలో తిప్పి తిప్పి ఆరబెట్టి, బూడిద పూసి, కుండలో పెట్టింది. వాన పడ్డాక మూత తీసి ఊపి చూపిస్తే ఒక్కొక్కటీ లోపల గలగలమంది. మేమంతా ఎంత సంబరపడ్డామో! కంచె వెంబడి నాటి, పొద్దున లేస్తూనే టీచరూ నేనూ పరుగెత్తి చూసేవాళ్ళం. పక్కన జొన్న మొలిచింది, కలుపు మొలిచింది, టెంకలు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

చివరికి టీచరు ఒకటి తవ్వి తీసి కొడవలితో చీల్చారు. లోపల జీడి వడలి, నల్లబడి, చిన్నదైపోయి ఉంది. తన చేతి విత్తనం తప్పిపోవడం అవ్వ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నేలమీద కూలబడింది. టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి, ఆమె మాత్రం ఆ జీడిని నా అరచేతిలో పెట్టి వేగంగా మాట్లాడటం మొదలుపెట్టారు.

"సూడు నాగమ్మా, జొన్నలో బిడ్డ నీళ్ళు లేకున్నా నిద్రపోతాది. ఇది నిద్రపోయే రకం కాదేమో. వాన ముందర పండేది ఎందుకంటావ్? రాలిన వెంటనే తడి తగలాలని. మేలుకున్న బిడ్డను మనం ఎండలో పడుకోబెట్టినాం."

గొంతు పెరిగిపోతోంది. ఏడుస్తున్నారో సంతోషపడుతున్నారో తెలియలేదు. తప్పు నాదేనని అవ్వ నెత్తి కొట్టుకోబోతే టీచరు చెయ్యి పట్టుకుని, తమ ఊళ్ళో అందరూ అంట్లే కడతారని, టెంక నాటిన వాళ్ళను తానూ చూడలేదని అన్నారు.

అవ్వ ఆ మాటలు వినడం లేదు. "వెంటనే తడి తగలాలంటివా?" అని లేచి, పెరట్లోకి నడిచింది. వెనకే మేము. జలదారి దగ్గర చేమాకులు పక్కకు తీసింది. వాటి చాటున రాగి రంగు ఆకులు, మెత్తగా, కిందికి వేలాడుతూ. అడుగున పగిలిన టెంక నోరు తెరిచి ఉంది.

"పనికిరాదని పారేస్తి గదా తల్లీ" అంది అవ్వ మొక్కతోనే.

టీచరు కొత్త చీరతో బురదలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. పగలబట్టే తొందరగా బయటికి వచ్చిందని, మన స్నానాల నీళ్ళే దీనికి వానైందని, మళ్ళీ పాఠం మొదలు. నేను ఎగిరి ఎగిరి అలసిపోయాను.

తరువాత ఆమెకు వేంపల్లె బదిలీ అయింది. టెంక మొక్క అచ్చం తల్లి పండే ఇస్తుందని లేదని, పూతలో ఏ చెట్టు పుప్పొడి కలిసిందో తెలియదని చెప్పి మరీ వెళ్ళారు. అయినా నేను ఆశ వదల్లేదు. ఏళ్ళు గడిచి మొదటి కాపు వచ్చినప్పుడు అవ్వ కాయల్ని గడ్డిలో మగ్గబెట్టింది, నేను కబురు పంపాను. టీచరు బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, మా అరుగు మీద కూర్చుని పండు కొరికారు. అవ్వా నేనూ ఊపిరి బిగబట్టి చూశాం. టెంక దాకా చీకారు. తరువాత తల అడ్డంగా ఊపారు.

"మా అమ్మ పండు కాదు నాగమ్మా. పులుపుండాది." అవ్వ ముఖం వాడిపోయింది. టీచరు మోచేతికి కారిన రసం తుడుచుకుని చెయ్యి చాచారు. "మా అమ్మకు పులుపంటే శానా ఇష్టం. ఇంకొకటి ఇయ్యి."

తిన్న టెంకలన్నీ తడిగుడ్డలో చుట్టుకుని బయలుదేరారు. బస్సు కిటికీ దగ్గర నిలబడి నేను ఏనాటి నుంచో అనుకుంటున్న మాట ఆ క్షణాన్నే చెప్పేశాను. మీరు లేకుంటే నాకు ఈ లోకం ఇంత ఆశ్చర్యంగా కనబడేది కాదు టీచర్, మీరంటే నాకు ప్రాణం అన్నాను. దాచిపెట్టి, మంచి రోజు చూసి చెప్పే మాట కాదది. ఆమె విన్నారు. కళ్ళు మెరిశాయి. గుడ్డ మూట నా ముందుకు చాచి, "ఇది ఆరిపోతాంది, బిరీన నీళ్ళు తేపో" అన్నారు.

నిన్నటి టెంక కూడా తడి ఆరకముందే మట్టిలోకి పోయింది.