మామయ్య వేట తుపాకీ

మా మేనమామకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక మాట తడబడింది, మనుషుల్ని గుర్తుపట్టడం పోయింది. అత్తయ్యని ఒక్కోసారి తన అమ్మ అనుకునేవాడు. నేను ఆదివారాలు తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజరెక్కి వెళ్లి మంచం పక్కన కూర్చుంటే, నేనెవరో తెలియకుండానే ఒకే మాట అడిగేవాడు.

"తుపాకీ తెచ్చావా?"

అది వాళ్ల నాన్న నుంచి వచ్చిన వేట తుపాకీ. వేట మీద నిషేధం రాకముందు, మీసాలు వచ్చీరాని వయసులో, మామయ్య దానితో సముద్రం వైపు మడ అడవుల్లో నీటిబాతుల్ని కొట్టేవాడట. నాకు ఊహ తెలిసేసరికి వేట లేదు, తుపాకీని తుడవడమే మిగిలింది. వేసవి సెలవులకి వెళ్లినప్పుడు చూసేదాన్ని. వసారాలో పాత పంచె పరిచి, దాన్ని ముక్కలుగా విప్పి, ఒక్కో ముక్కకీ నూనె రాసేవాడు. మమ్మల్నెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించి, అయిపోయాక తెచ్చుకోవాలి. కిందటిసారి అలా అప్పగించి వచ్చిన కొద్దిరోజులకే మామయ్య పడిపోయాడు. ఆసుపత్రుల చుట్టూ తిరగడంలో తుపాకీ ఎవరికీ గుర్తు రాలేదు. లైసెన్సు గడువూ దాటిపోయింది.

"ఒక్కసారి కళ్లతో చూస్తే ఊరుకుంటాడేమోనే," అంది అత్తయ్య. "నిద్రలో కూడా అదే కలవరింత. నువ్వెళ్లి అడిగి చూడు."

వెళ్లాను. ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. తుఫాను వానకి తుపాకులు పెట్టిన గది కప్పు కారిందనీ, తుపాకులకి కట్టిన చీటీలు నాని ఊడిపోయాయనీ దాపరికం లేకుండా చెప్పాడు. లోపల గోడకి ఆనించి పదో పన్నెండో తుపాకులున్నాయి. అన్నీ ఒకే ఇటుక రంగులో ఉన్నాయి.

"మీదేదో చెప్పండి మేడమ్. మిగతా సంగతి తర్వాత చూద్దాం."

నేను చెప్పలేకపోయాను. నా కళ్లలో ఉన్నది నల్లగా నిగనిగలాడే తుపాకీ. అలాంటిది అక్కడ ఒక్కటీ లేదు.

బాపట్లలో ఒక డాక్టరు గారున్నారని అత్తయ్యే గుర్తు చేసింది. మామయ్యతో కలిసి చదివి, కలిసి వేటాడిన మనిషి. ప్రాక్టీసు మానేసి చాలా కాలమైంది. మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలడం లేదు. వెళ్లి విషయం చెబితే ఆయన ముఖం వెలిగింది.

"దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదమ్మా. అలాంటిది ఈ చుట్టుపక్కల ఇంకోటి నేను చూళ్లేదు. గొట్టాలు రెండూ పక్కపక్కనే ఉంటాయి గానీ, ఒకలాంటివి కావు. ఒకటి లోపల నున్నగా ఉంటుంది, పక్షుల్ని కొట్టే సన్న రవ్వలకి. రెండోదాన్లో మెలితిరిగిన గాట్లుంటాయి, అడవిపందిని కొట్టే ఒంటి గుండుకి. ఇంగ్లండులో చేసింది. ఎవరో దొర ఇచ్చి వెళ్లాడనేవాళ్లు, నిజమో కాదో తెలీదు. పైన, మీట నొక్కితే పడి తూటాని పేల్చే హామర్లు రెండుంటాయి. ఒకటి విరిగితే మేమిద్దరం చీరాల తీసుకెళ్లి కొత్తది చేయించాం. పాతదాని మీద తీగల చెక్కడం ఉంటుంది. కొత్తది బోసిగా ఉంటుంది."

"మీరొక్కసారి రాగలరాండి?"

"వాడి కోసం రాకపోతే ఇంకెవరి కోసం వస్తానమ్మా."

కారు మాట్లాడుకుని వెళ్లాం. దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. మోకాలి లోతు బురదలో నిలబడటం, చప్పుడు కాకుండా తుమ్ము ఆపుకోవడం, కొట్టిన పిట్ట కోసం మామయ్య ఈదుకుంటూ వెళ్లి జలుబుతో మంచమెక్కడం.

స్టేషన్లో ఆయనకి కుర్చీ వేశారు. కానిస్టేబులు ఒక్కో తుపాకీ తెచ్చి చూపిస్తుంటే ఆయన తల అడ్డంగా ఊపుతూ వచ్చారు. ఒకదాని దగ్గర ఆగి, జేబురుమాలుతో గట్టిగా రుద్దారు. తుప్పు కింద తీగల చెక్కడం బయటపడింది. పక్కనున్న హామరు బోసిగా ఉంది. నూనె పోసి కొట్టగా కొట్టగా గొట్టాలు కిందికి వంగి తుపాకీ తెరుచుకుంది. ఫోన్ లైటు వేసి లోపలికి చూశాం. నున్నటి గొట్టంలోంచి తుప్పు పొట్టు రాలింది. రెండోదాన్లో గాట్లు కొంతదూరం మెలితిరిగి, ఆ తర్వాత తుప్పులో కలిసిపోయాయి. భుజానికి ఆనించుకునే కర్ర చెదపట్టి, ఆయన పట్టుకోగానే పిండిలా రాలింది.

"ఇదేనమ్మా," అన్నారు.

ఎస్సై నెమ్మదిగా చెప్పాడు. "ఇవ్వడానికి లేదండి. పేలని తుపాకీకి లైసెన్సు ఎవరిస్తారు? వీటన్నిటినీ ధ్వంసం చేయించడానికి పంపమన్నారు."

"చాలా అరుదైందండి. కనీసం మ్యూజియంకైనా..." అన్నాను.

"అర్జీ పెట్టండి మేడమ్, పైకి పంపిస్తాను."

అక్కడే రాసిచ్చాను. ఫోటో తీసుకోనిచ్చాడు. దాంతో మామయ్య దగ్గరికి వెళ్లాం. ఫోన్ ఆయన కళ్ల ముందు పెట్టి, "మామయ్యా, ఇదుగో మీ తుపాకీ," అన్నాను. చాలాసేపు చూశాడు.

"నాది కాదు."

డాక్టరు గారు మంచం మీదికి వంగారు. "నీదేరా. ఈ హామరు చూడు, మనిద్దరం చీరాలలో చేయించలా?"

మామయ్య ఆయన వైపు తిరిగాడు. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పటి మర్యాద ఆ వంకర నోట్లో ఎలాగో నిలబడింది.

"మీరెవరండి?"

అత్తయ్య కాఫీ తెచ్చింది. డాక్టరు గారు తాగలేదు. అదే కారులో ఆయన్ని బాపట్లలో దించి వచ్చాను.

కొన్నాళ్లకి ఎస్సై ఫోన్ చేశాడు. తుపాకులు బండిలో వెళ్లిపోయాయట. అర్జీకి జవాబేమీ రాలేదట. డాక్టరు గారికి తెలియజేయడం ధర్మమనిపించి ఫోన్ చేశాను. అంతా విన్నారు.

"వాడు నాది కాదన్నాడు కదమ్మా," అన్నారు చివరికి. "నాకూ వయసైపోయింది. నేనే పొరబడ్డానేమో."

"లేదండి, మీరు చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి కదా," అన్నాను.

"ఏమో," అని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.