పోయి చూసొచ్చిన చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిన మంగళవారం పొద్దున జగిత్యాలలో కన్నుమూసింది. చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. సారంగాపూర్ చుట్టుపక్కల ఊళ్లకు మాత్రం సిస్టరమ్మ, పసిపిల్లలకు సూదులు వేసే సర్కారు నర్సు. ఇరవై ఏళ్లుగా షుగరు. రెండేళ్లుగా కిడ్నీలు చెడి, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటూ బతికింది. ఇదంతా ఊరందరికీ తెలిసిన సంగతే. అయినా శవం ఇంటికి చేరకముందే మా ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చి కూర్చుంది. "ఊరందరికీ టీకాలు వేసిన సిస్టరమ్మ చివరికి తాను వేసుకున్న కరోనా టీకా వల్లే మృతి. అందరికీ పంపండి." కింద ఒక ఫోటో. ఆ ఫోటోలో ఉన్నది మా చిన్నమ్మ కూడా కాదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడవాల్సిన మనిషిని ఏడుపు మానేసి, పాడె కడుతున్న చోటే నిలబడి ఫోన్లు చేశాను. ఎవరు పంపారురా నీకు అని ఒకణ్ణి అడిగితే ఇంకొకడి పేరు చెప్పాడు. వాణ్ణి అడిగితే మూడోవాడి పేరు. మూడోవాడు మాత్రం తాపీగా, "నాకు అచ్చింది, నేను పంపిన. నాదేముందన్నా గిండ్ల?" అన్నాడు. వాణ్ణి తిడదామని తెరిచిన నోరు అట్లాగే మూసుకున్నాను. ఎందుకంటే తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా చిన్నమ్మ ముందు నిలబడి అక్షరం పొల్లుపోకుండా ఆ మాట అన్నది నేనే. ఆ కథ ఇప్పటిదాకా రాయలేదు. ఆమె పోయాకైనా రాయకపోతే నా అంత సిగ్గులేనివాడు ఉండడు.

ముందు ఆమె సంగతి చెప్పాలి. ఎవరేం చెప్పినా చిన్నమ్మవి మూడే ప్రశ్నలు. "ఎవలు? ఏ ఊరు? నువ్వు పొయ్యి సూసినవా?" ఆ మూడో ప్రశ్నకు ఎంత పెద్దమనిషైనా నీళ్లు నమలాల్సిందే. మా ఇంట్లో ఆమె వెనకాల పోలీసమ్మ అనుకునేవాళ్లం. అమ్మ అయితే మొహం మీదే అనేది, "నీతోని రెండు ముచ్చట్లు పెట్టుకుందామంటె కోర్టుకు అచ్చినట్టుంటదే" అని.

ఒకసారి మా వాడలో ఒకామె భర్త దుబాయిలో చనిపోయాడని కబురు వచ్చింది. చుట్టాలు వచ్చేశారు, ఏడుపులు మొదలయ్యాయి, గాజులు తీయాలని ఎవరో ముసలమ్మ ముందుకు కూడా వచ్చింది. చిన్నమ్మ ఆ ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, "జరాగు పెద్దమ్మా. ఎవలు సూసిండ్రు?" అని అడిగి, ఆమె భర్త నంబరు తీసుకుని నాతో ఫోను కలిపించింది. నాలుగోసారి ఎత్తాడు. "డ్యూటీల ఉన్న, ఏందే లొల్లి?" అన్నాడు ఆ చనిపోయినవాడు. తాను పోయిన సంగతి పాపం అతనికే తెలియదు. అంతటి ఏడుపులోనూ అందరం పడీ పడీ నవ్వాం. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. గాజులు తీయబోయిన ముసలమ్మను చూస్తూ, "తీసినంక ఫోను చేద్దునా నేను?" అంది.

అలాంటి ఆమెకు అక్క కొడుకును నేను. బుద్ధి రావద్దా? రాలేదు.

ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ ఏడాది నాకు ఊళ్లో సెల్‌ఫోన్ రీచార్జి దుకాణం ఉండేది. బంద్ ఎప్పుడు, రాస్తారోకో ఎక్కడ, రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు ఏ చౌరస్తాలో, అన్నీ నా ఫోను నుంచే పోయేవి. మీటల ఫోను, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. చుట్టుపక్కల ఊళ్లలో నా మెసేజి వచ్చిందంటే దండోరా వేసినట్టే. ఒక్కసారి కూడా తప్పు కబురు పంపలేదని నాకు మహా గర్వం. ఒకరోజు కోరుట్ల నుంచి ఒక దోస్తు పంపిన మెసేజి వచ్చింది. సిరిసిల్ల దిక్కు తట్టు సూది వేసిన ఇద్దరు పిల్లలు చనిపోయారు, అది ఆంధ్ర దిక్కు నుంచి పంపిన చెడ్డ మందు, తెలంగాణ తల్లులు సూది వేయించొద్దు, పదిమందికి పంపండి. రక్తం ఉడికిపోయింది. పదిమందికేం ఖర్మ, నా ఫోనులో ఉన్న అందరికీ పంపాను. చాయ్ చల్లారే లోపు అయిపోయింది.

బుధవారాలు అంగన్‌వాడీలో సూదులు వేస్తారు. ఆ బుధవారం ఒక్క తల్లి కూడా రాలేదు. తరువాతి బుధవారమూ అంతే. చిన్నమ్మ ఇంటింటికీ తిరిగితే తలుపులు దగ్గరికి వేసుకున్నారు. "నిప్పు లేంది పొగ రాదంటరు సిస్టరమ్మా" అన్నారు. "పొగ ఏడున్నదో సూపియ్యండ్రి, నేను పొయ్యి సూసొస్త" అంది ఈమె. ఒకామె అయితే, "మా పిల్లల్ని సంపనీకి నీకు జీతమిస్తుండ్రా?" అని అడిగేసింది. ఆ పిల్లల కాన్పులకు తోడు నిలబడింది కూడా చిన్నమ్మే.

నాకు అసలు దెబ్బ నా ఇంట్లోనే తగిలింది. మా బిడ్డకు అప్పుడు తొమ్మిదో నెల నిండింది. తట్టు సూది వేయించాల్సింది అప్పుడే. మా ఆవిడ ససేమిరా అంది. "మా అన్న చెప్పిండు. మా సిన్నక్క చెప్పింది. ఎదురింటామె, మా మేనమామ, గా పాలాయన. ఐదుగురు చెప్పిండ్రు. ఐదుగురు అబద్ధం ఆడుతరా?" ఆ ఐదుగురికీ చెప్పింది ఒక్కడే. వాడు ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు. ఆ మెసేజి మా అత్తగారి ఊరు తిరిగి, ఇద్దరు పిల్లలు కాస్తా ఐదుగురై నా ఇంటికే చేరింది. ఆమె నన్ను ఏనాడూ అనుమానించలేదు, నేను నోరు విప్పలేదు.

చిన్నమ్మ దుకాణానికి వచ్చింది. ఎలా కనిపెట్టిందంటే, మెసేజి వచ్చిందన్న ప్రతి ఇంట్లో నీకెవరు పంపారని అడుగుతూ అడుగుతూ నా దాకా వచ్చింది. ఆ మాట అప్పుడే అన్నాను. "నాకు అచ్చింది, పంపిన. నాదేముంది చిన్నమ్మా?" తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "బండి తియ్యి" అంది.

ఆరోజు బంద్. కోరుట్లలో దోస్తును పట్టుకుంటే తనకు సిరిసిల్లలో మగ్గాల దగ్గర పనిచేసే బావమరిది పంపాడన్నాడు. "సిరిసిల్లకు పోనియ్యి" అంది వెనక కూర్చున్న చిన్నమ్మ. దారిలో టైర్లు కాలుతున్నాయి. బండికి కట్టిన గులాబీ జెండా చూసి, నన్ను గుర్తుపట్టి పోరగాళ్లు దారి ఇచ్చారు. ఒక చౌరస్తాలో వంటావార్పు నడుస్తుంటే అక్కడే తిన్నాం. అక్కడొకడు ఇంత ఉద్యమం నడుస్తుంటే సూదుల గొడవ ఏందమ్మా అంటే, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి చెప్పింది. "తెలంగాణ నాకు సుత గావాలె కొడుకా. పిల్లలు బతికుంటెనే గద, అచ్చినంక దాంట్ల ఉండేది." వాడు ఆమె విస్తరిలో ఇంకాస్త పప్పు వేశాడు.

సిరిసిల్లలో బావమరిది దొరికాడు. తాను చూడలేదట, ఫలానా ఊళ్లో అయిందని విన్నాడట. ఆ ఊరి పేరు నేను రాయను. సిరిసిల్ల దాటి ఇంకా పోవాలి. అడుగుతూ పోతే చివరికి కూలి చేసుకునే వాళ్ల వాడలో ఒక ఇల్లు చూపించారు. ఒక తల్లి గడపలో కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇరవై రెండేళ్లుంటాయేమో. చిన్నమ్మ ఏమీ అడగలేదు. ఆమె పక్కన కూర్చుని, కత్తెర తీసుకుని కాసేపు ఆకు కత్తిరించింది. తరువాత, తాను సూదులు వేసే సిస్టర్‌నని చిన్నమ్మ చెబితే ఆ తల్లే మొదలుపెట్టింది.

"సూదా? మా పిల్లకు సూదే ఎయ్యలేదమ్మా. గా బుధారం సిస్టర్ రాలే. బస్సులు లేకపాయె. మల్ల బుధారం సుత రాలే. గంతల్నే తట్టు పోసింది. జరం దిగలే. దవాఖానకు పోదామంటె ఆటో దొరకలే."

"ఇద్దరు పిల్లలని చెప్పిండ్రు బిడ్డా?" అంది చిన్నమ్మ.

"ఒక్కతే అమ్మా. నాకున్నదే ఒక్కతి."

సూది వేసినందుకు పోయిన పిల్ల కాదు. సూది అందక పోయిన పిల్ల. బస్సులు ఆపిన వాళ్లలో నేనూ ఉన్నాను. రాష్ట్రం కావాలని అడగడం తప్పని నేను అప్పుడు అనలేదు, ఇప్పుడూ అనను. కానీ ఆ గడపలో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అంత సిగ్గులోనూ నా దుకాణం బుద్ధి పోలేదు చూడండి, ఆమె గొంతు రికార్డు చేసుకుంటే సాక్ష్యం ఉంటుందని జేబులోంచి ఫోను తీశాను. చిన్నమ్మ నా చేతి మీద ఒక్కటి కొట్టింది. బయటికొచ్చాక మండిపడింది. "పిల్ల పొయ్యి నెల గాలే. ఆమెతోని సాక్ష్యం చెప్పిస్తవా? నువ్వు చేసిన తప్పు నువ్వు చెప్పుకో."

"సాక్ష్యం లేకుంటె మన మాట ఎవలు నమ్ముతరు చిన్నమ్మా?" అని నేనూ గట్టిగానే అరిచాను.

"నమ్మకపోతె మల్ల చెప్పాలె. గా పిల్లను అడ్డం పెట్టుకోను నేను."

ఆ రాత్రికే అందరికీ కొత్త మెసేజి పెట్టాను. అది అబద్ధం, మేం పోయి చూశాం, సూదులు వేయించండి అని. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా ఇంకొకరికి పంపలేదు. "నువ్వు సుత అమ్ముడువోయినవా అన్నా?" అని ఒకడు జవాబిచ్చాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆ నిలకడ ఎన్నాళ్లో మాత్రం ఎవడూ చెప్పడు. ఇంట్లో మా ఆవిడకు ఆ తల్లి సంగతి చెప్పాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. పెట్టుకుని, "నువ్వు సూసింది ఒక్క ఇల్లు. నాకు ఐదుగురు చెప్పిండ్రు" అంది.

బుధవారం వచ్చింది. చిన్నమ్మ ఇల్లిల్లూ తిరిగి కనీసం మాట వినడానికైనా రండని బతిమాలితే అంగన్‌వాడీ ముందు పది పన్నెండు మంది తల్లులు చేరారు. మా ఆవిడ బిడ్డను చంకనేసుకుని అందరికన్నా వెనక నిలబడింది. చిన్నమ్మ చూసొచ్చింది చెప్పింది. "మరి గా మెసేజ్ ఎవలు పంపిండ్రు? గది చెప్పు ముందుగాల" అని నిలదీశారు. ఆమె నావైపు చూడను కూడా చూడలేదు. "ఎవలు పంపితేంది? పొయ్యి సూసొచ్చింది నేను. నన్ను అడుగుండ్రి" అంది. ఆ తిట్లన్నీ తింటూ కూడా నా పేరు ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పుకో అని ఆరోజు అన్నదే గానీ, మళ్లీ గుర్తు కూడా చేయలేదు. అదే నన్ను కాల్చింది.

"నేనే పంపిన," అన్నాను. "సూడకుంట పంపిన. అందరికి నా ఫోనుకెల్లే అచ్చింది."

ఏమవుతుందని భయపడ్డానో అది కాలేదు. ఎవరూ నమ్మలేదు! "చిన్నమ్మ నౌకరి పోతదని అబద్ధమాడుతుండు" అంది ఒకామె. మిగతావాళ్లు తలలూపారు. అబద్ధం పంపితే గుక్క తిప్పుకోకుండా నమ్మినవాళ్లు, ఆ అబద్ధం నాదేనని మొత్తుకుంటే నమ్మరు. నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

మా ఆవిడ ముందుకొచ్చింది. "ఫోను ఇటియ్యి" అంది. ఇచ్చాను. నేను పంపిన మెసేజిల్లో ఒక్కొక్కటే కిందికి జరుపుతూ పోయింది. వాళ్ల అన్న పేరు. సిన్నక్క పేరు. మేనమామ పేరు. ఎదురింటి నంబరు. పాలాయన. అయిదూ చూసింది. ఫోను నా చేతిలో పెట్టలేదు, అరుగు మీద పెట్టింది. బిడ్డను తీసుకెళ్లి చిన్నమ్మ ఒడిలో కూర్చోబెట్టి, గౌను చెయ్యి పైకి మడిచింది. నాతో మళ్లీ మాట్లాడటానికి ఆమెకు పన్నెండు రోజులు పట్టింది, తక్కువే అంటాను.

తట్టు మందు పొడిగా ఉంటుంది. నీళ్లు కలిపాక నాలుగు గంటలే పనికొస్తుంది, ఆ తరువాత పారేయాలి. ఒక్క పిల్లకైనా సరే సీసా విప్పుతుంది చిన్నమ్మ. ఆరోజు మా బిడ్డ తరువాత ఇంకో పిల్లవాడికి వేసింది. మిగతావాళ్లు ఇళ్లకు పోయారు. సీసాలో ఇంకా ముగ్గురికి సరిపడా మందు ఉంది. రెండు గంటలు గడిచాయి. ఎండ అరుగు మీదికొచ్చింది.

"పోదాం పా చిన్నమ్మా. ఇగ ఎవలు రారు," అన్నాను.

"రాకపోతె రాకపోని. గా తల్లి ఏమన్నది? సిస్టర్ రాలే అన్నది. నా ఊర్లల్ల ఏ తల్లితోని గా మాట అనిపిచ్చుకోను."

కుర్చీని గుమ్మం బయటికి జరుపుకుని, మందుల డబ్బా ఒడిలో పెట్టుకుని, వాడవైపు చూస్తూ కూర్చుంది. నాలుగిళ్ల అవతల ఒక తలుపు సగం తెరుచుకుంది. ఒకామె పిల్లను ఎత్తుకుని గడపలో నిలబడింది. ముందుకు రాలేదు, లోపలికీ పోలేదు. చిన్నమ్మ లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, వాడంతా వినపడేలా పిలిచింది.

"ఇంక రెండు గంటల టైమున్నది బిడ్డా. మెల్లగనే రా, నేను ఈడనే ఉంట."