‘పోయింది’ దగ్గర తెగిన వాక్యం

మా అన్న నాతో మాట్లాడ్డం మానేసింది ఒక క్రియాపదం మీద. పొలం గట్టు తగాదా అయివుంటే పెద్దమనుషులు కూర్చుని ఏదో ఒకటి తేల్చేవాళ్ళు. క్రియాపదానికి పంచాయతీ ఎవరు చేస్తారు?

నాకొక వెబ్‌సైటు ఉంది. తిరుపతిలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని, వీడియోలు చూసి నేర్చుకుని, నేనే కట్టుకున్నాను. చిత్తూరు వైపు మాటలు, మా అమ్మ నూరే ఊరుబిండి పచ్చడి, బస్టాండులో విన్న పోట్లాటలు, మా వీధి కాలవ మీద నా కోపం, అన్నీ అందులో రాస్తాను. అన్న చిత్తూరులో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాడు. నా రాతల కింద ఆయన పెట్టిన మొట్టమొదటి వ్యాఖ్య ఇది: “‘పోయింది’ కాదు, ‘వెళ్ళింది’. పోవడమంటే చావడం. రాసేటప్పుడైనా మర్యాద ఉండాలి.”

బాగుంది అనలేదు, చదివాను అనలేదు. నేనూరుకుంటానా? “మా ఊర్లో బతికుండేవాళ్ళు కూడా బజారుకి పోతారు, మళ్ళా వస్తారు. ఆ మాటేమన్నా చచ్చినోళ్ళ సొత్తా?” అని దాని కిందే పెట్టాను. ఆయన పాత శిష్యులెవరో దానికి నవ్వు బొమ్మలు పెట్టారు. నా మాట కంటే ఆ బొమ్మలే ఆయనకి ఎక్కువ తగిలాయి. ఆ రోజే నా నంబరు బ్లాకు చేశాడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఆమె బటన్ ఫోనుకి చేసేవాడు. నేను తీస్తే ఒకటే మాట: “అమ్మకియ్యి.” హలో లేదు, ఎలా ఉన్నావు లేదు.

“ఇద్దురూ సదువుకున్నోళ్ళే. ఒక్కురికీ బుద్ధి లేదు,” అనేది అమ్మ, ఫోను అందుకుంటూ.

రాసిన ప్రతి ముక్కనీ నాలుగు చోట్ల అతికించే ఓపిక లేక, ఈ మధ్య సైటుకి కొన్ని ఏర్పాట్లు తగిలించాను. గంటకోసారి ఒక మిషను నా సైటుకి వచ్చి చూస్తుంది. కొత్త రాత ఉంటే దాని శీర్షికను తీసుకుపోయి సోషల్ మీడియాలో నా పేరుతో పెడుతుంది. అక్కడ జనం ఏమన్నా ఆ మాటల్ని మోసుకొచ్చి నా పేజీ కింద అతికిస్తుంది. ఇవి కాక సైటు పైన ఒక గంట బొమ్మ పెట్టాను. దాన్ని నొక్కినవాళ్ళ ఫోనుకి, నేను ఏదైనా రాసినప్పుడల్లా, అదే మిషను శీర్షికను కబురుగా పంపుతుంది. ఎంతమంది నొక్కారో నాకు తెలుస్తుంది గానీ ఎవరు నొక్కారో తెలియదు.

శీర్షిక పొడుగైతే రెండు చోట్లా కత్తిరించమని మిషనుకి చెప్పాను. ఇంగ్లీషు శీర్షికలు పెట్టి పరీక్షించాను. చక్కగా వచ్చాయి. మన అక్షరాల సంగతి మాత్రం ఆలోచించలేదు. మనం ఒకటిగా చదివే అక్షరంలో మిషను ఒత్తును వేరే, గుణింతాన్ని వేరే, సున్నను వేరే లెక్కపెడుతుంది. ఇంగ్లీషు కొలతతో కుట్టిన చొక్కా తెలుగుకి మోచేతుల దగ్గరే ఆగిపోతుందని నాకు అప్పటికి తెలియదు.

చలికాలం. మా వీధి భజన బృందం ఆడవాళ్ళు వ్యాను మాట్లాడుకుని పులికాట్ సరస్సుకి బయల్దేరారు. అమ్మ తెల్లారకముందే చీర కట్టుకుని కూర్చుంది.

“పొడుగు కాళ్ళ పక్షులంట మే, యాడాడి నుంచో వస్తాయంట. నేను సూడొద్దా?”

“సూడు, ఎవురొద్దన్నారు? ఫోను తీసుకోని పో.”

“ఆడ సిగ్నలే ఉండదంట. దాన్ని మోసుకోని తిరిగేదానికా నేను పోయేది?”

ఫోను టీవీ మీద పెట్టి, చెప్పులు టకటకలాడించుకుంటూ వ్యానెక్కేసింది. ఆ హుషారు చూసి నాకు రాయబుద్ధయింది. మేడ మీదికి పోయి ఒక్క గుక్కలో రాసేశాను. శీర్షిక: “మా అమ్మ పోయింది పక్షుల్ని చూసేదానికి.” ఆ ‘పోయింది’ కావాలనే పెట్టాను. ఆయన చూస్తాడని నమ్మకం లేదు, కానీ చూస్తే మండాలని ఆశ ఉంది. సైటులో పెట్టి కిందికి దిగి కుక్కర్లో పప్పు పడేశాను.

కొంతసేపటికి ఎదురింటామె తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో కాఫీ ఫ్లాస్కు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“యాడుండాదక్కా?” అంది.

“ఎవురు?”

“అమ్మ.”

“పులికాట్‌లో.”

“అయ్యో, ఆడనేనా? నీళ్ళల్లోనా?” అని గోడకి చేరగిలబడింది. “పొద్దున వ్యానులోంచి నాకు చెయ్యూపిందే తల్లి!”

కుక్కరు కూత పెట్టింది. ఆమె ఉలిక్కిపడి వంటింటి వైపు చూసింది. “ఇట్లాంటప్పుడు పొయ్యి ఎందుకు ముట్టించినావక్కా? ఈ పూటకి నేను తెస్తా, ఎసరు పెట్టేసే వచ్చినా,” అంటూ గబగబా లోపలికి పోయి గ్యాసు ఆపేసింది.

“నీకేమన్నా పిచ్చి పట్టిందా మే? ఎవురు సచ్చినారని?”

“నువ్వే పెట్నావు కదక్కా!”

ఫోను నా ముఖం ముందు పెట్టింది. నా పేరు, నా బొమ్మ, దాని కింద: “మా అమ్మ పోయింది…”

మూడు చుక్కలు. పక్షులు ఆ చుక్కల్లో ఎగిరిపోయాయి.

ఆమెకి రెండు ముక్కల్లో చెప్పి, మెట్లెక్కి పరుగెత్తాను. నా పేజీ అడుగున మిషను ఓపిగ్గా పరామర్శలు అతికిస్తోంది. ఓం శాంతి. చేతులు జోడించిన బొమ్మలు. ఒకామె, “అమ్మ లేని లోటు ఎవరూ తీర్చలేరు. మీ ఇడ్లీ పొడిలో ఉప్పు కొలత తప్పుంది, వీలైనప్పుడు చూడండి,” అని రాసింది.

ముందు శీర్షిక సరిచేద్దామనుకున్నాను. “మా అమ్మ పోయింది పక్షుల్ని చూసేదానికి, క్షేమంగా ఉంది,” అని మార్చి, గంట దాకా ఆగకుండా ‘ఇప్పుడే నడుపు’ అనే బటను నొక్కాను. శీర్షిక మారితే మిషనుకి అది కొత్త రాత. శ్రద్ధగా తీసుకుపోయి, అదే చోట కత్తిరించి, రెండోసారి లోకానికి చాటింది: మా అమ్మ పోయింది… ఒకాయన వెంటనే, “మళ్ళీ మళ్ళీ చెప్పి మనసు కష్టపెట్టుకోకండి, ధైర్యంగా ఉండండి,” అని ఓదార్చాడు.

అప్పుడు వదిన ఫోను చేసింది. ఏడుస్తోంది.

“అమ్మణ్ణీ, అత్తకేమైంది? రాత్రి కూడా మాట్లాడిందే!”

యాభై దగ్గర పడినా ఆమెకి నేను అమ్మణ్ణినే. జరిగింది చెప్పాను. అవతల ఏడుపు ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన గొంతు వేరేగా ఉంది.

“అయ్యో దేవుడా. మీ అన్న బయల్దేరేసినాడే!”

“ఎవుర్తో?”

“ఒక్కడే. కారేసుకోని పోయినాడు. నేను సెప్పులేసుకోని వచ్చేలోపల గేటు దాటేసినాడు. కండ్లనిండా నీళ్ళమ్మా, దావ కనిపిస్తాదో లేదో.”

ఆయన గుండెకి స్టెంటు వేసి ఎక్కువ కాలం కాలేదు. డాక్టరు స్టీరింగు పట్టుకోవద్దన్నాడు. ఆ సంగతి కూడా నాకు అమ్మ ద్వారానే తెలుసు. చిత్తూరు నుంచి తిరుపతి దారిలో పూతలపట్టు కూడలి ఉంది. అక్కడ అటూ ఇటూ నుంచి లారీలు తోసుకొస్తాయి. మామూలు మనసుతో నడిపేవాళ్ళే అక్కడ ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

“ఫోను చెయ్యి వదినా!”

“చేస్తానే ఉండా. కారెక్కితే తీయడు కదా, ఎవురు చేసినా మోగనీడు.”

నా నంబరు ఎలాగూ పోదు. కిందికి పరుగెత్తి టీవీ మీది అమ్మ ఫోను తీసి చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. ఆగింది. చచ్చిపోయిన తల్లి నంబరు నుంచి ఫోను వస్తుంటే ఆ మనిషికి ఎలా ఉంటుందో అప్పుడు తట్టి, మూడోసారి చేయడానికి చేయి రాలేదు.

“ఆయనకి ఎవురు చెప్పినారు వదినా? ఎవురా పుణ్యాత్ముడు?”

“నీ గంటే కొట్టింది.”

“ఏ గంట?”

“నువ్వేదైనా రాస్తే ఆయన ఫోను టింగుమంటాది. వాట్సప్పు, ఫేసుబుక్కు, అన్నిటి నోరూ మూసినాడు. నీదొక్కటే మోగేట్టు పెట్టుకోనుండాడు. కారులో ఉన్నా మోగతాది. తప్పులు పట్టుకునేదానికి, అంటాడు.”

గంట నొక్కినవాళ్ళ లెక్కలో ఆయన కూడా ఉన్నాడన్నమాట. వదినే మళ్ళీ అంది:

“అమ్మణ్ణీ, ఆ గంట ఇంకోసారి కొట్టరాదా?”

మేడ మీద కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య. ‘పోయింది’ దగ్గర తెగింది కాబట్టి ఎంత పొడుగు పోతుందో ఇప్పుడు తెలుసు. ఆ కాస్తలో చెప్పాలి. ‘అమ్మ చావలేదు’ అని కొట్టి, వెంటనే చెరిపేశాను. ‘చావ’ దగ్గర తెగితే? ‘అమ్మ క్షేమం’ అనుకున్నాను. అది ఉత్తరం రాసినట్టుంది. ‘అమ్మ ఉంది’ అన్నాను. పొట్టిగా బాగుంది, తెగే భయం లేదు. కానీ నేను ఎప్పుడైనా శీర్షికలో ‘ఉంది’ అని రాశానా? ఆ మాట చూస్తే ఎవరో ఓదార్పుకి పెట్టారనుకుంటాడు, లేదా మిషను ఏదో కూసిందనుకుంటాడు. నేనే రాశానని ఆయనకి తెలియాలంటే ఆయనకి కంపరం పుట్టించే మాటే ఉండాలి.

“అమ్మ ఉండాది.”

వేళ్ళతో ఒత్తులు, గుణింతాలు, సున్న లెక్కపెట్టుకున్నాను. పడుతుంది. కింద ఒక్క అక్షరం కూడా రాయకుండా సైటులో పెట్టి, బటను నొక్కాను. పచ్చ గుర్తు వచ్చింది. పంపినట్టు గుర్తు. చేరినట్టు కాదు, చూసినట్టు కాదు.

“కొట్నావా?” అంది వదిన.

“కొట్నా.”

ఇద్దరం ఫోను పెట్టేయలేదు. ఆమె ఊపిరి వినిపిస్తోంది. మధ్య మధ్యలో ఇంకెవరో చేస్తున్నట్టు నా ఫోను టకటకమంటోంది. బంధువులు. నేను తీయలేదు. కళ్ళ ముందు ఆ కూడలీ, లారీలూ. ఈ పాడు మిషను వద్దు, గంట వద్దు, సైటే తీసిపారేస్తాను, ఆ కారు ఎక్కడో ఒక చోట ఆగితే చాలు. నేను దేవుడితో బేరమాడే మనిషిని కాదు. ఆ రోజు ఆడాను.

కింద అమ్మ ఫోను మోగింది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. ఎదురింటామె ఇంకా అక్కడే ఉంది. ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

అవతల రోడ్డు హోరు. తర్వాత ఆ గొంతు.

“అమ్మకియ్యి.”

“అమ్మ లేదు,” అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళతో కరిచి పట్టుకున్నాను.

“అమ్మ పులికాట్‌లో ఉండాదన్నా. వ్యానులో ఆడోళ్ళతో పోయిండాది, సాయంత్రానికి ఈడుంటాది. నువ్వు యాడుండావు?”

“పూతలపట్టులో. టీ అంగడి కాడ.” ఊపిరి ఆగి ఆగి వస్తోంది. “కారు పక్కనేసినా.”

“కూర్చో. మాత్ర ఏసుకో. నీళ్ళు తాగు.”

నీళ్ళు గుటకేసిన చప్పుడు. తర్వాత అన్నాడు: “‘ఉండాది’ అనేది తెలుగేనా మే?”

“నువ్వు కారాపినావు కదా. తెలుగే.”

వెనక్కి పొమ్మంటే పోలేదు. కళ్ళారా చూసేదాకా నమ్మడట. వదిన టాక్సీలో పూతలపట్టు చేరి, కారును ఆ టీ అంగడి దగ్గరే వదిలి, ఆయన్ని అదే టాక్సీలో వెంటబెట్టుకుని వచ్చింది. వరండాలో కుర్చీ వేసుకుని వీధి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎదురింటామె మా ఇంట్లో పొయ్యి వెలగకూడదని చేసిన అన్నం, చారు నిజంగానే తెచ్చింది. “చేసింది చేసేసినా, పారేస్తే పాపం, ఏమీ అనుకోకుండా తినండి,” అంది. తిన్నాం. పరామర్శకు ఫోను చేసినవాళ్ళందరికీ నేను ఒక్కొక్కరికీ జవాబు చెబుతుంటే, ఆయన వరండాలోంచే, “వెళ్ళింది అని చెప్పు, వెళ్ళింది అను,” అని అందిస్తూ వచ్చాడు.

చీకటి పడే వేళకి వ్యాను వచ్చింది. అమ్మ ఎండు రొయ్యల పొట్లం పట్టుకుని దిగి, వరండాలో కొడుకునీ కోడలినీ చూసి ఆగిపోయింది.

“ఏందిరా, ఎవురు పోయినారని అందురూ ఇట్ల కూర్చోనుండారు?”

నేను అన్న వైపు చూశాను. ఆయన లేచి వెళ్ళి ఆమె చేతిలో పొట్లం అందుకున్నాడు.

“నువ్వే పోయినావంట కదమ్మా. పక్షుల్ని సూసేదానికి.”

“పోయినా. మళ్ళా రాలా?” అని లోపలికి పోయి కాళ్ళు కడుక్కుంది.

సైటు తీసేయలేదు. బేరం బేరమే గానీ, దేవుడు అంత పట్టించుకున్నట్టు లేదు. కత్తిరింపు మాత్రం తీసేశాను. శీర్షిక ఎంత పొడుగైనా ఇప్పుడు మొత్తం పోతుంది. ఆ రాత కింద, పరామర్శలన్నిటి తర్వాత, రెండు రోజులకి ఒక వ్యాఖ్య చేరింది: “మాట తప్పు కాదు. వరస తప్పు. క్రియను చివర పెట్టి, ‘పక్షుల్ని చూసేదానికి మా అమ్మ పోయింది’ అని రాసివుంటే మిషను పక్షుల దగ్గర ఆగేది.”

వరస మాత్రం తప్పెలా అవుతుంది? మాట్లాడేటప్పుడు మనం క్రియ చివరే పెడతామా? దీనికి జవాబు అందరి ముందూ రాయదలచుకోలేదు. ఆయన బ్లాకు చేసిన నా నంబరు నుంచే ఫోను చేశాను.

మోగింది. ఆయన తీసేలోపు నా వాదన మొత్తం నోట్లో సిద్ధంగా ఉంది.