ఖాళీ బుట్ట ముందు ముక్కు మూసుకున్నాను

2017 వైశాఖం, పెళ్ళిళ్ళ సీజను. బరంపురం గేట్ బజార్‌లో మాది పట్టుచీరల కొట్టు. మా తాత పెట్టాడు, నాన్న నడిపాడు, ముప్పై ఏళ్ళుగా నేను కూర్చుంటున్నాను. ఈ వ్యాపారానికి నవ్వు మొహం కావాలంటారు. నన్నడిగితే కావలసింది అనుమానం. జరీ అసలుదేనా, పట్టులో వేరే పోగు కలిపారా, వచ్చినవాళ్ళు కొంటారా, లేక నలభై చీరలు విప్పించి లేచిపోతారా? రోజంతా ఇదే గోల. మా ఆవిడ నన్ను అనుమానప్పక్షి అంటుంది. కాదనను.

మా కొట్లో బేరమంతా గాదీ మీద జరుగుతుంది. గాదీ అంటే తెల్ల దుప్పటి పరిచిన పరుపు. చెప్పులు గుమ్మంలో విడిచి, దాని మీద కూర్చుంటే చీరలు ఒళ్ళో పరుస్తాం. చేపలమ్మే ఆడవాళ్ళకి మాత్రం గుమ్మం దగ్గరే చూపించేవాళ్ళం. పట్టు వాసన పీల్చేస్తుంది, పీల్చిందంటే ఇక వదలదు, ఇది మాకు తాత నేర్పిన పాఠం. మా కొట్లో పాత మనిషి అప్పన్న రెండు మూడు చీరలు గుమ్మం దాకా పట్టుకెళ్ళేవాడు. వాళ్ళు తడి చేతులు కొంగుకి తుడుచుకుని దూరం నుంచే వేలు చూపించేవారు. ఎవరూ తప్పు పట్టలేదు. మాకు వినపడేలా పట్టలేదు, అంతే.

ఆ వైశాఖంలో ఒక పిల్ల జీన్స్ ప్యాంటు వేసుకుని వచ్చింది. పాతికేళ్ళుంటాయి. గాదీ మీద కూర్చుని, మేమిచ్చిన టీ తాగి, చిలకపచ్చ చీర ఒకటి కొంది. ఎర్రంచు, అంచు పొడవునా ఫోడా, అంటే గుడి గోపురాల్లా వరసగా నేసే మా బరంపురం పనితనం. వారం తర్వాత అదే చీర కట్టుకుని, నెత్తి మీద చేపల బుట్ట పెట్టుకుని వచ్చి, అదే చోట కూర్చుంది. బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. పైన గోనెగుడ్డ కప్పి ఉంది.

"ఇంకో సీర సూపించండి," అంది.

నేను గుర్తుపట్టలేదు. బుట్ట చూశాను, అంతే, ఒళ్ళు మండిపోయింది. "ఏయ్, లే! దిగు ముందు! కొట్టంతా కంపు చేస్తావేటి?" అని అరిచి, కండువాతో ముక్కు మూసుకున్నాను. పక్కనున్న పెళ్ళివారు కూడా మూసుకున్నారు. ఆమె కదలలేదు, మాట్లాడలేదు. పొద్దున్న కూర్చున్నది మధ్యాహ్నం దాకా కూర్చుంది. చివరికి గోనెగుడ్డ తీసి బుట్ట బోర్లించింది. లోపల ఏమీ లేదు. సంతలో అప్పుడే కొన్న కొత్త బుట్ట, వెదురు వాసన తప్ప మరేమీ లేదు. ఎదురు కొట్టు అరుగు మీంచి ఎవడో అదంతా వీడియో తీశాడు.

ఆమె పేరు చిట్టెమ్మ, సముద్రం ఒడ్డున చమఖండి అనే ఊళ్ళో చేపలవాళ్ళ పిల్ల. తను చేసేదాన్ని పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటారట. కాగితం, రంగులు ఉండవు. తన ఒళ్ళు, తను కూర్చున్న చోటు, చూసేవాళ్ళ మొహాలు, ఇవే బొమ్మ. గోపాల్‌పూర్‌లో హోటళ్ళ ముందు ఇసకలో వలలో చుట్టుకుని ఎండుచేపల మధ్య పడుకుని, వచ్చేపోయేవాళ్ళని "నన్నెంతకి కొంటారు?" అని అడిగింది. ఢిల్లీలో ఒక పెద్ద హాల్లో చేపలు తోమి, అదే చేత్తో అతిథులకి షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి, వెనక్కి తగ్గినవాళ్ళ పేర్లు గోడ మీద రాసింది. తిట్టినవాళ్ళు తిట్టారు, పొగిడినవాళ్ళు పొగిడారు. కానీ అన్నిట్లోకీ పేరు తెచ్చింది నా బొమ్మే. ఆ వీడియోలోంచి తీసి ప్రదర్శనలో పెట్టింది, ఖాళీ బుట్ట ముందు ముక్కు మూసుకున్న నా మొహం, గోడంత సైజులో! తీసెయ్యమని వకీలు చేత నోటీసు పంపించాను. దాన్ని ఫ్రేము కట్టించి నా బొమ్మ పక్కనే తగిలించింది. అప్పట్నుంచి పేపర్లో ఆ పేరు కనపడితే పేజీ తిప్పేసేవాణ్ణి.

ఆరేళ్ళు గడిచాయి. ఒకరోజు పది గంటలకి ఒక ముసలామె గుమ్మంలో నిలబడింది. చేతిలో బుట్ట, పైన గుడ్డ.

"నాను సిట్టెమ్మ తల్లిని బాబూ, కొర్లమ్మని. ఒక పట్టుసీర కావాల."

మళ్ళీ మొదలెట్టింది, ఈసారి తల్లిని పంపింది! ఎదురు అరుగు చూశాను. ఫోను పట్టుకుని ఒకడు నిలబడ్డాడు. దొరికావు అనుకున్నాను. ఈసారి నా మొహం ఎలా ఉండాలో నాకు తెలుసు.

"రండమ్మా, రండి! గుమ్మంలో నిలబడ్డారేం? గాదీ మీద కూర్చోండి. అప్పన్నా, అమ్మగారికి టీ!" అన్నాను. అప్పన్న నోరు వెళ్ళబెట్టాడు. ఆమె కూర్చుంది. ఒక్కో చీరా ఆమె ఒళ్ళో పరుస్తూ, ఎదురు అరుగు కేసి తిరిగి నవ్వుతూ, పెళ్ళివారికి కూడా అంత మర్యాద చేసి ఉండను. మధ్యమధ్య బుట్ట కేసి చూస్తున్నాను, గుడ్డ కింద కెమెరా ఉందేమోనని.

"అమ్మాయి బయట ఉందా అమ్మా?" అన్నాను.

"ఎక్కడుందో నాకేటి తెల్సు బాబూ," అంది.

చూశావా, ఎంత బాగా నేర్పించిందో అనుకున్నాను. ఇక ఆగలేక "ఆ బుట్టలో ఏటుందమ్మా?" అని అడిగేశాను.

ఆమె గుడ్డ తీసింది. మడతపెట్టిన చిలకపచ్చ చీర.

"ఇలాటిదే కావాల. ఇది నా పిల్లది. ఢిల్లీలో దాని బొమ్మలన్నీ ఒక గదిలో ఎడతన్నారు, నన్ను రమ్మన్నారు. ఈ సీర ఆల్లు అద్దాలపెట్టెలో ఎడతారంట. నాను సేపల కోకతో ఎల్తే నా పిల్లకి పరువు తక్కువ గదా."

"అమ్మాయే కొనిపెట్టొచ్చు కదా?"

"సచ్చిపోనాది బాబూ. నాలుగు నెల్లయినాది. రగతంలో జబ్బంట."

నా చేతిలో చీర అలాగే ఉండిపోయింది. ఎదురు అరుగు మీద మనిషి ఫోను జేబులో పెట్టుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. వాడెవడో, ఎవరికోసం నిలబడ్డాడో!

జత కుదిరే చీర వెతికి ఇచ్చాను. ధర తగ్గిస్తానంటే ఒప్పుకోలేదు. లేస్తూ అంది: "ఆ బొమ్మలో ముక్కు మూసుకున్నది నువ్వేనంట గదా. ఆ మనిసి నన్ను కూకోబెట్టి టీ ఇచ్చినాడని ఆల్లకి సెప్తాను."

నిజంగానే చెప్పింది. పది రోజులకి మధ్యాహ్నం ఢిల్లీ నుంచి ఫోన్, ఆ గది ఏర్పాటు చేస్తున్న ఆవిడ. ఆయన మంచివాడు, ఆ బొమ్మ తీసెయ్యండి అని అక్కడికి చేరిన తల్లి పట్టుపడుతోందట. చిట్టెమ్మ చేసినవాటిలో అదే ముఖ్యమైనది, అయినా తల్లి మాట ఎలా కాదంటాం, మీరే చెప్పండి అంది.

ఆరేళ్ళుగా నేను కోరింది అదే. సరే అంటే సరిపోయేది. అనలేకపోయాను. చచ్చిపోయిన పిల్ల జీవితంలో చేసిన పనిని, నేను ఆడిన ఒక నాటకం తుడిచిపెట్టేస్తోంది. సిగ్గుతో చితికిపోయాను. ఆ తల్లికి ఫోను ఇమ్మన్నాను.

"అమ్మా, ఆ రోజు మిమ్మల్ని కూర్చోబెట్టింది మంచితనంతో కాదు. మీ అమ్మాయి కెమెరా పెట్టిందనుకున్నాను. మొదటిసారి ముక్కు మూసుకున్నదే అసలు నేను. ఆ బొమ్మ తీయించకండి."

"నాకు తెల్సు బాబూ," అంది. "నువ్వు నా బుట్ట కేసే సూసినావు. నీకు పెళ్ళాం పిల్లలున్నారు గదా, ఊరంతా నవ్వుతాదని తీయమన్నాను. నువ్వు ఎందుకు కూకోబెట్టినా, నాను కూకున్నది నిజవే గదా?"

"బొమ్మ ఉంచమనండి," అని మాత్రం అన్నాను. ఉంది. మొన్న మా తోడల్లుడు చూసొచ్చి, పక్కన నా నోటీసు కూడా ఉందని ఫోన్ చేసి మరీ నవ్వాడు. నవ్వుకోనీ.

ఆ తర్వాత అప్పన్న చీరలు గుమ్మానికి పట్టుకెళ్ళడం మానేశాడు. చమఖండి నుంచి వచ్చే ఆడవాళ్ళు గాదీ మీదే కూర్చుంటున్నారు. మొదట్లో వాళ్ళు వెళ్ళాక ఒక్కో మడతా ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాణ్ణి, బుద్ధి ఎక్కడికి పోతుంది! వాసన పట్టదని అబద్ధం చెప్పను, ఒక్కోసారి పడుతుంది. చీర నీడలో ఒక పూట గాలికి ఆరేస్తే పోతుంది. మా తాత దగ్గర్నుంచి నా దాకా, ఒక్కసారి ఆరేసి చూద్దామని మాకెవరికీ తోచలేదు.