చూస్తుంటేనే వెళ్ళే రేట్ల కాగితం

కడియంలో నేను పనిచేసిన నర్సరీకి ఆఫీసంటే ఒక తాటాకు పాక. లోపల బల్ల, ఫోను, ఫ్యాక్సు మిషను, పాత తువ్వాలు కప్పిన కంప్యూటరు. బయట ఎటు చూసినా నల్ల సంచుల్లో మందారాలు, క్రోటన్లు, అంటుకట్టిన మామిడి మొక్కలు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఆ చుట్టుపక్కల పాకలన్నిటికీ ఒక నియమం ఉండేది: చివరగా బయటికి వచ్చేవాడు మెయిన్ దించి రావాలి. ఎప్పుడో షార్ట్ సర్క్యూట్ అయి ఒక పాక తగలబడిందట. నేను చేరిన మొదటి రోజే ఆ సంగతి చెప్పారు. నేనూ తలూపాను.

నర్సరీ యజమాని బాధ వేరు. బెంగుళూరు, నాగపూరు వ్యాపారులకు ఏ రోజు రేట్లు ఆ రోజు పంపాలి. ఉదయం, సాయంత్రం ఫోను మోగుతూనే ఉంటుంది. లైను ఖాళీగా ఉండేది భోజనాల వేళే. అందుకని ఆయన మధ్యాహ్నమంతా పాకలోనే కూర్చుని, ఒక్కొక్కరికీ ఫ్యాక్సు కొట్టి, ఎప్పటికో ఇంటికి వెళ్ళి చల్లారిన అన్నం తినేవారు.

"నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో తెలుసా?" అన్నారు ఒకసారి.

ఆ రేట్ల కాగితాన్ని కంప్యూటరే ఈమెయిలుగా పంపేలా చేస్తానని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"నెల్రోజులు చూస్తానయ్యా. దానంతటది వెళ్ళిందా, ఇక్కడే ఉండు. వెళ్ళలేదా, తునిలో మీ మావయ్య కొట్టు ఎక్కడికీ పోదు కదా."

మా మేనమామ కొట్లో అంతకుముందు రెండేళ్ళు చింతపండు తూచాను. మళ్ళీ ఆ తక్కెడ దగ్గరికి వెళ్ళడం తప్ప ఇంకేదైనా నాకు ఫరవాలేదు.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఆపైన చదివిందంతా రాజమండ్రి గ్రంథాలయంలోనే. కంప్యూటరును నడిపే లినక్స్ మీద అక్కడ ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. పక్కన నిఘంటువు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. అర్థం కానివి రెండోసారి చదివాను. కంప్యూటర్ కోర్సు ఎక్కడ చేశావని ఎవరడిగినా, "లైబ్రరీలోనండి" అని కాస్త గట్టిగానే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి.

నర్సరీ కంప్యూటరులో అంతకుముందున్న విండోస్ వైరస్ పట్టి పోయింది. లినక్స్ వేస్తాను, డబ్బు కట్టక్కర్లేదు అన్నాను.

"ఊరికే ఇస్తున్నారంటే ఏదో తిరకాసు ఉంటుందిలే," అన్నారాయన.

నా దగ్గర కంప్యూటరు పత్రికలతో పాటు వచ్చిన సీడీలు ఉన్నాయి. వాటిలో రెండు రకాల లినక్స్. మొదటి దాంట్లో సాఫ్టువేరు ఆర్‌పీఎం అనే మూటల్లో వస్తుంది. మెయిలు పంపే మూట విప్పబోతే, ఫలానా మూట ఉంటేగాని నేను రానంటుంది. దాన్ని వెతికి తెస్తే అది ఇంకోదాన్ని అడుగుతుంది. పెళ్ళికి పిలిస్తే, పెద్దత్త వస్తేనే వస్తానని చిన్నత్త, నన్ను ముందు పిలవలేదేమని పెద్దత్త పట్టుపట్టినట్టు. రెండో దాంట్లో ఆప్ట్ అనే పనిముట్టు ఉంది. ఒక్క మాట చెబితే బంధువులందరినీ అదే బండి కట్టి తీసుకొస్తుంది. కానీ సీడీలో లేనివి ఇంటర్నెట్ నుంచి తేవాలి. మా ఫోను లైను మీద ఒక్కో చుట్టం దిగడానికి ఒక పూట. మధ్యలో ఫోను మోగితే మళ్ళీ మొదటికి.

ఏది మేలు? పుస్తకం రెండింటినీ మెచ్చుకుంది. నేను మొదటిదే వేశాను, చుట్టాలందరూ ఎలాగో ఒక సీడీలోనే దొరికారు కనుక.

ఇక వేళకు పని చేయించే క్రాన్ ఉంది. ఫలానా గంటకు ఫలానా పని చెయ్యమని ఒక వరుస రాసిపెడితే చాలు. యంత్రాన్ని ఎవరూ వాడని వేళ చూసి అప్పగించమంది పుస్తకం. మాకు అది ఒంటిగంటన్నర. మధ్యాహ్నంలోగా నేను రేట్లు టైపు చేసి ఉంచుతాను. ఒంటిగంటన్నరకు క్రాన్ నా స్క్రిప్టును, అంటే నేను రాసిపెట్టిన ఆజ్ఞల చీటీని, లేపుతుంది, అది మోడెంతో ఫోను తిప్పించి మెయిళ్ళు పంపుతుంది.

మొదటి రోజు ఇద్దరం కళ్ళార్పకుండా కూర్చున్నాం. వేళ కాగానే మోడెం కీచుమంది. రేట్లు వెళ్ళాయి. యజమాని ఫోను చేసి బెంగుళూరాయన్ని అడిగి మరీ నమ్మారు.

"పర్లేదయ్యా. మీ లైబ్రరీ పనికొచ్చింది."

మర్నాడు ధైర్యంగా నేను సైకిలెక్కి ముందు వెళ్ళిపోయాను. వెనక ఆయనా ఇంటికి వెళ్ళారు. నాలుగింటికి వచ్చేసరికి బెంగుళూరు నుంచి ఫోను: రేట్లేవీ అని. కంప్యూటరు చూస్తే నేను వదిలి వెళ్ళినట్టే ఉంది. లేచి వెళ్ళేటప్పుడు లాగవుట్ అవ్వాలని పుస్తకం చెప్పింది కనుక అయి వెళ్ళాను. తెర మీద పేరడిగే గీత అలాగే మెరుస్తోంది. రేట్లు మాత్రం కదల్లేదు.

మూడో రోజు కనిపెట్టి కూర్చున్నాను. వెళ్ళాయి. నాలుగో రోజు కూర్చోలేదు. వెళ్ళలేదు.

క్రాన్‌లోనే ఏదో లోపమనుకున్నాను. దాన్ని పక్కనపెట్టి, ఆ వేళ దాకా నిద్రపోయి లేచే స్క్రిప్టు నేనే రాశాను. పక్కన కూర్చుని పరీక్షిస్తే బంగారంలా పనిచేసింది. భోజనానికి వెళ్ళి వచ్చేసరికి దాని జాడలేదు. ఎవరు ఆపారో తెలియదు. అయితే లోపం మూటల్లోనే ఉందనుకున్నాను. మొత్తం తుడిచేసి రెండో రకం లినక్స్ వేశాను. ఆప్ట్ ఎంత మర్యాదగా అన్నీ తెచ్చిందో చూసి, మొదట్లోనే దీన్ని వేయాల్సిందని నన్ను నేను తిట్టుకున్నాను. కూర్చుని చూస్తే పనిచేసింది. లేచి వెళ్తే లేదు. ఏ పనిముట్టును దేనితో పోల్చినా, పరీక్షలో అన్నీ మొదటి తరగతి, ఉద్యోగంలో అన్నీ సున్నా. పుస్తకంలో నాకు తెలిసిన పేజీలన్నీ అయిపోయాయి. నెల కూడా అయిపోవస్తోంది.

మొక్కలకు అంట్లు కట్టే ఆవిడ పాక నీడలో కూర్చుని మా తంటాలు వింటూ ఉండేది.

"సూత్తుంటే పంజేత్తాది, సూడకపోతే పడుకుంటాది. ఆయ్, అది మా ఆయనేనండి," అంది.

యజమాని నవ్వలేదు. "మీ మావయ్యకి ఉత్తరం రాశావా?" అన్నారు నాతో.

ఆ రోజు భోజనం నుంచి రాగానే, ఇంక చేసేదేమీ లేక, యంత్రం ఎంతసేపటి నుంచి మెలకువగా ఉందో చెప్పే ఆజ్ఞ ఒకటి కొట్టాను. ఇప్పుడే లేచానంది. ఇది కూడా చెడిపోయిందనుకున్నాను. ఉదయం నుంచీ నడుస్తున్న యంత్రం ఇప్పుడే లేవడమేంటి? మర్నాడు నాలుగింటికి మళ్ళీ అడిగాను. మళ్ళీ ఇప్పుడే లేచానంది. అప్పుడు గోడకు ఉన్న మెయిన్ బోర్డు కంటబడింది.

"ఏవండీ, మధ్యాహ్నం మీరు వెళ్ళేటప్పుడు మెయిన్ దించుతున్నారా?"

"దించకపోతే? పాక తగలెట్టమంటావా?"

"మళ్ళీ వచ్చి వేస్తున్నారా?"

"వెయ్యకపోతే నీ డబ్బా ఎలా నడుస్తుందయ్యా?"

ఆ పాత పెట్టెకు స్విచ్ నొక్కి ఉంటే చాలు, కరెంటు రాగానే తనంతట తనే లేచి పేరడిగేది. నేను వచ్చేసరికి ఆ గీత మెరుస్తూ ఉండేది. మెయిన్ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసిన ఆ విషయం పుస్తకంలో తెలుసుకున్న వాటి పక్కకు ఎందుకు రాలేదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ఎవరూ వాడని వేళంటే ఆ పుస్తకం రాసినవాళ్ళ ఊళ్ళో యంత్రం ఒక్కటే మేలుకుని ఉండే వేళ. మా కడియంలో మెయిన్ దించే వేళ.

ఆపి ఉన్నప్పుడు తప్పిపోయిన పనిని లేవగానే చేసిపెట్టే అనాక్రాన్ అనేది సీడీలోనే ఉంది. సంబరంగా వేయబోయి ఆగాను. అది లేచేది నాలుగింటికి. అప్పటికి ఫోను మోగడం మొదలవుతుంది. లైను ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు లేదు, కరెంటు ఉన్నప్పుడు లైను లేదు. ఏ మూటలోనూ దీనికి మందు లేదు.

"ఒక్క కంప్యూటరుకు మాత్రం కరెంటు ఉంచితేనండీ..."

"ఆ మాట అనకు," అన్నారాయన. "మనిషి లేని పాకలో కరెంటుండదు. మా నాన్నగారి నుంచీ అంతే."

మనిషి లేని పాకలో. ఆ మాటే పట్టుకున్నాను.

"అయితే నేను క్యారేజీ తెచ్చుకుని ఇక్కడే తింటానండి. మెయిన్ దించక్కర్లేదు."

"నువ్విక్కడ కూర్చుంటే ఇంక దానంతటదే వెళ్ళడమేంటయ్యా?"

"వెళ్ళేది దానంతటదేనండి. నేనేం ముట్టుకోను. ఊరికే కూర్చుంటాను."

"నేను ఇంటికెళ్ళి పడుకోవచ్చా?"

"పడుకోవచ్చండి."

"అదే కదా నాక్కావాల్సింది," అని కండువా దులుపుకుని లేచారు. వాకిట్లోంచి వెనక్కి తిరిగి, "మీ మావయ్యకి రాయకులే," అన్నారు.

మర్నాడు ఒంటిగంటన్నరకు నా చేతికి పప్పన్నం అంటుకుని ఉంది. మోడెం కీచుమంది. రేట్లు బెంగుళూరుకీ, నాగపూరుకీ వెళ్ళాయి. వేలితోనైనా తాకలేదు నేను. అలా ఆ పాకలో చాలాకాలం తిన్నాను. ఆర్‌పీఎం మేలా, ఆప్ట్ మేలా అని ఎవరైనా అడిగితే మాత్రం ఏం చెప్పాలో తోచేది కాదు. నేను పక్కన కూర్చున్నప్పుడు రెండూ బాగానే పనిచేశాయి.