బూడిద పట్టీకి ఎగువన

కొమురమ్మది కోనరావుపేట దిక్కు ఊరు. గుంట భూమి లేదు. ఇరవై రెండేండ్లు కంకర క్వారీల రాళ్లు కొట్టింది. క్వారీ మూతపడ్డంక ఉపాధి హామీ పనికి పోతున్నది.

పోయిన చలికాలం ఒకనాడు పొద్దుగాల భూమి అదిరింది. గిన్నెలు గలగలమన్నయి, అంతే. కానీ మూడో దినం వాడకట్టంత తాగే బోరుల నీళ్లు ఎర్రగ అచ్చినయి. వారానికి మొత్తమే బందయినయి.

జగిత్యాల నుంచి భూగర్భ శాస్త్రం చదివిన గంగాప్రసాద్ సారు అచ్చిండు. మిషన్లు పెట్టి, గుట్ట కింద రాయిల పెద్ద పగులు ఉన్నదని కనుక్కున్నడు. దాని నడుమనే బోరు ఏపిచ్చిండు. రెండు వందల ఫీట్లు దిగినా బూడిదరంగు జిగట మట్టే ఎల్లింది. చూడవచ్చినోళ్లు ఇండ్లకు మర్రిండ్రు.

కొమురమ్మ మర్రలేదు. గా మట్టిని చేతి ఏళ్ల నడుమ నలిపింది.

"సారూ, గిది రాయే. రాయీ రాయీ ఒరుసుకొని పిండయింది. గీ పిండిల నీళ్లెట్ల పారుతయి?"

బోరు బండి సురేశ్ నవ్విండు. "పెద్దమ్మా, సారుకే చెప్తున్నవా?"

"చెప్పనీ," అన్నడు సారు. "మరి నీళ్లు యాడుంటయమ్మా?"

"క్వారీల రాయి నడుమ గిసోంటి బూడిద పట్టీ తగిలితే దాని పక్కపొంటి రాయి పెంకులు పెంకులుగ పగిలి ఉంటుండె. ఎగువ దిక్కు పగుళ్లల నీళ్లు ఊరుతుండె. దిగువకు మాత్రం సుక్క లేకుండె."

సారు గా మట్టిని తనూ నలిపి చూసిండు. "నిజమే. పట్టీ గోడ లెక్క అడ్డం నిలబడ్డది. గుట్ట మీది నీళ్లు దాని ఎనుకనే ఆగుతున్నయి. మొన్నటి అదురుకు నీళ్లు అచ్చే పాత తొవ్వ పూడుకపోయి ఉంటది. నువ్వే చూపియ్యమ్మా."

ఆమె గుట్ట దిక్కు నడిచి, నేల మీదికి తేలిన బండల పగుళ్లను చేతితో తడిమి చూసుకుంట ఒక కాడ నిలబడ్డది. ఇంకోసారి తడిమింది. తప్పితే ఊరు నవ్వుతదని.

గాడ బోరు ఏస్తే నూట డెబ్బై ఫీట్ల కాడ నీళ్లు పైకి తన్నినయి. సురేశ్ నిలువునా తడిసిండు. ఆడోళ్లు ఉరికచ్చి కొమురమ్మను కావలిచ్చుకున్నరు. ఆమె బిడ్డ నవ్య, "మా అవ్వ! మా అవ్వ చూపిచ్చింది!" అని అందరికీ చెప్పుకుంట తిరిగింది.

రిపోర్టుల ఆమె పేరు రాసుకుంట సారు అడిగిండు. "ఏం పని చేస్తవని రాయాలె?"

కొమురమ్మ కొంగు సదురుకున్నది.

"కూలి అని రాయకుండ్రి సారూ. రాళ్ల సంగతి తెలిసిన మనిషి అని రాయుండ్రి."

గట్లనే రాసిండు.