ఉమ్మడి మసాలా, ఎవరి ఉప్పు వారిది

మా కార్యాలయంలో అందరికీ బాబాయి అయిన బిల్డ్ ఇన్‌ఛార్జి గారు గత నెలలో ఒక ఆదివారం చర్చి నుంచి తిరిగి వచ్చి, అగ్రికో పేటలోని తమ ఇంటి వరండాలో టీ తాగి, కుర్చీలోనే కన్నుమూశారని పాఠకులకు తెలియజేయవలసి వస్తున్నది. ఆయన బాధ పడలేదు, ఎవరినీ బాధ పెట్టలేదు. టీ గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టే వెళ్లారు. పని సగంలో వదలడం ఆయన పద్ధతి కాదు.

హిందీ మాట్లాడే ఈ ఉక్కు పట్టణంలో, సోనారి పేటలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయం. జుగ్సలాయి బజారు వర్తకుల గోదాములకు ప్రోగ్రాములు రాస్తాం. ఒక్కొక్క వర్తకుడిది ఒక్కొక్క ప్రాజెక్టు. రాసినదాన్ని కంప్యూటరు నడపగల రూపంలో కట్టడాన్ని బిల్డ్ అంటారు. ఏ లైబ్రరీ, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన కోడు, ఏ వెర్షన్‌ది వాడాలి, ఏ పరీక్షలు తప్పనిసరి వంటి నియమాలు దానికి ఉంటాయి. బాబాయి రాకముందు ఆ నియమాలు ప్రతి ప్రాజెక్టులోనూ విడివిడిగా ఉండేవి. ఒకచోట మార్చినదాన్ని మరొకచోట మరిచిపోయేవాళ్లం. ఆ మతిమరుపునకు ప్రాజెక్టుల స్వయంప్రతిపత్తి అని గౌరవప్రదమైన పేరు కూడా పెట్టుకున్నాం. ఆయన వచ్చి నియమాలన్నింటినీ ఒకే ఉమ్మడి ఫైలులో చేర్చి, ప్రాజెక్టులన్నీ దాన్నే చదువుకునే ఏర్పాటు చేశారు.

ఈ ఆలోచన ఆయనకు ఎక్కడి నుంచి సంక్రమించిందని విచారించగా, మా తెలుగు చర్చి వెనుక పొయ్యిల దగ్గర నుంచి అని తేలింది. అక్కడ విందు రోజున ప్రతి కుటుంబమూ ఒక కుండ దించుతుంది. మసాలా మాత్రం అందరికీ ఒకేచోట నూరుతారు. నూరించే బాధ్యత ఏళ్ల తరబడి బాబాయిదే.

“మసాలా ఒక్కసోటే నూరాల. ఉప్పు ఎవుల కుండలో ఆలే ఏసుకోవాల” అనేవారు. మా కార్యాలయ విధానం సమస్తం ఇంతే.

ఉమ్మడి ఫైలులో ఉన్న నియమాన్నే ఎవరైనా తమ ప్రాజెక్టులో మళ్లీ రాస్తే, వెనుక నిలబడి తీరిగ్గా చూసి, “ఏటి బాబూ, సొంత రోలు తెచ్చుకున్నావేటి?” అని అడిగేవారు. ఒక్క వర్తకుడికి పనికొచ్చే ఏర్పాటును ఉమ్మడిలో పెట్టబోతే, “నీ ఉప్పు నా రోట్లో ఎయ్యకు” అనేవారు. కోప్పడిన జాడ లేదు. ఆ చూపు తరువాత కోపానికి పనీ ఉండేది కాదు.

ఆయన పోయిన మరునాడు సంతాప సమావేశం జరిపి, కొంతసేపు మౌనం పాటించి, ఎవరి కుర్చీకి వారు వెళ్లాం. ఆ మౌనంలోనే అందరికీ ఒకే భయం పట్టుకుందని తరువాత బయటపడింది. ఆ ఫైలును ఇకపై ఎవరైనా పాడుచేస్తే ఏమిటి గతి? అందుచేత ప్రతి ఒక్కరూ, రెండోవారికి చెప్పకుండా, పరమ భక్తితో దానికి ఒక నకలు తీసి తమ ప్రాజెక్టులో దాచుకున్నారు. ఆయన జీవితమంతా దేన్ని నిర్మూలించారో, ఆయనకు నివాళిగా దాన్నే పునరుద్ధరించాం.

ఆ వారమే మేము వాడే ఒక లైబ్రరీలో లోపం బయటపడింది. దాని గుండా బయటివారు గోదాముల లెక్కల్లోకి చొరబడవచ్చు. శనివారం సాయంత్రంలోగా సరిచేయకపోతే మా ప్రోగ్రాములు ఆపేసి వేరొకరిని చూసుకుంటామని వర్తకులు కబురు చేశారు. వారు పోతే మా కార్యాలయానికి మిగిలేది అద్దె ఇల్లే.

మా టెస్టింగ్ ఇన్‌ఛార్జి సోనారిలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మేము తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. శనివారం ఉదయం ఆమె, లోపం సరిచేసిన కొత్త లైబ్రరీని వాడేటట్టు, ఉమ్మడి ఫైలులో ఒక్క వరుస మార్చింది. ఏ ప్రాజెక్టులోనూ ఏమీ మారలేదు. కాసేపు వెతికి నా వైపు తిరిగింది.

“కాపీ తో సబ్‌నే కర్ లియా, భయ్యా. ఆప్‌నే భీ.”

నకలు అందరూ తీశారనీ, ఆ అందరిలో నేనూ ఉన్నాననీ దాని తాత్పర్యం. నకళ్లను తొలగించాలా, ఒక్కొక్కటీ చేత్తో సరిదిద్దాలా అని గంభీరమైన చర్చ మొదలైంది. అది ముగిసే సూచన కనిపించకపోవడంతో ఆ అమ్మాయి మొదటిసారి తెలుగులో మాట్లాడింది.

“రోల్లన్నీ బయట పారెయ్యండి.”

పారేశాం. బిల్డ్‌లు ఒకదాని వెంట ఒకటి, పరీక్షలు నెగ్గిన గుర్తుగా, పచ్చగా వచ్చాయి. ఒక్కటి మాత్రం ఎర్రగా నిలిచింది. నకలుతో పాటు ఒక వర్తకుడి సొంత ఏర్పాటు కూడా పోయింది. ఆ ఉప్పు ఆ కుండలో తిరిగి వేయగానే అదీ పచ్చబడింది. సాయంత్రానికి ముందే వర్తకులకు కబురు వెళ్లింది. ఆయన మీద బెంగ అలాగే ఉంది. అయినా ఆ రోజు నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నానని చెప్పడం అమర్యాద అనుకోను. ఆయన లేకుండా కూడా నిలిచేటట్టు ఆయన కట్టారు.

జ్ఞాపకార్థ కూడికనాడు చర్చి వెనుక మళ్లీ కుండలు లేచాయి. మసాలా ఒకేచోట నూరారు. బాబాయి కుండను మాత్రం సంఘమంతా కలిసి వండింది. అందులోది వడ్డించాక అందరం తలలు వంచుకుని, అసాధారణమైన క్రమశిక్షణతో తిన్నాం. పిన్ని, అంటే బాబాయి భార్య, చివరి వరుసలో కూర్చుని ఒక ముద్ద నోట పెట్టి ఆగింది.

“ఉప్పు లేదు కదర్రా. ఎవులూ సెప్పరేటి?”

ఆ కుండలో ఉప్పు ఎప్పుడూ ఆయనే వేసేవారు. వేరొకరు చేయి పెట్టడానికి జంకారు. పిన్ని లేచి ఉప్పు గిన్నె తెచ్చి, తన విస్తట్లో చిటికెడు వేసుకుని, పక్కవారికి అందించింది. గిన్నె చేతులు మారుతూ వరుస చివరి దాకా వెళ్లింది. ఎవరికి కావలసినంత వారే వేసుకున్నారు.